పచ్చనివన్నీ తంగేళ్లు కావు

కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే కోరుట్ల మొగిలవ్వ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

"మా స్వరూపనా? జగిత్యాల కాలేజీల పూల రేకలు లెక్కవెడ్తది. గందుకు జీతం గూడ ఇస్తరు."

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేది పక్కింటి నర్సక్క. ఈ నర్సక్క నోటి సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. పొద్దున ముఖం కడగకముందే మొదలయ్యే ఆ నోరు, రాత్రి తలుపు గడియ వేసుకున్నాక గానీ మూతపడదు. వీధిలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతుందో ఆ ఇంటివాళ్లకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. మనసులో ఏదీ దాచుకోని మనిషే, కాదనలేం. దాచుకోవడానికి ఒక మాటైనా లోపల మిగిలితే కదా.

స్వరూప ఈ నవ్వులకు ఉడుక్కునే రకం కాదు. చేతిసంచి భుజాన వేసుకుని, "లెక్క తప్పితే జీతం కోస్తరత్తమ్మ, పోయొస్త" అని బస్టాండు వైపు నడిచేది. పెళ్లయి వచ్చిన కొత్తలో మాత్రం కాస్త చిన్నబుచ్చుకునేది. ఎమ్మెస్సీ దాకా చదివిన చదువు అత్తగారి వాకిట్లో వేళాకోళమైతే ఎవరికి మాత్రం మనసు కష్టం కాదు? నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ పంట ఎప్పుడు ఏ రూపంలో ఇంటికొస్తుందో ఎవరికి తెలుసు.

ఆమెది కథలాపూర్ దగ్గరి పల్లె. తండ్రి సాయన్న కల్లు కోసం తాళ్లు గీసేవాడు. చిన్నప్పుడు సద్దిగిన్నె పట్టుకుని తాటివనానికి వెళ్తే, ఆయన మోకు నడుముకు బిగించుకుంటూ కూతుర్ని ఆటపట్టించేవాడు.

"గీ తాడు కాయ కాస్తదా, పోతుతాడా? చెప్పు బిడ్డ."

"కాయ లేకుంట ఎట్ల చెప్పాలె నాయినా?"

"గెల చూడు. కాసేదాని గెల వేరుంటది, పోతుదాని గెల వేరుంటది. కాయ కనవడినంక గుడ్డోడు గూడ చెప్తడు."

కాయ కనబడకముందే చెట్టును గుర్తుపట్టడం ఆ పిల్లకు ఆటగా పట్టుబడింది. తర్వాత జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు, ప్రయోగశాల బల్ల మీద ఒక ఉమ్మెత్త పువ్వును నిలువునా కోసి లోపల చూడమన్నారు. గరాటులాంటి ఆ పువ్వు గోడకే అంటుకుని ఐదు కేసరాలు నిలబడి ఉన్నాయి. వంగ పువ్వు కోస్తే అదే తీరు, మిరప పువ్వు కోస్తే అదే తీరు. ఈ మూడూ ఒకే కుటుంబమని పంతులు చెప్పినప్పుడు స్వరూప ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోడ్డు పొడుగునా ప్రతి మొక్కనూ చూసుకుంటూ ఇంటికొచ్చింది. ఎవరెవరికి ఎవరెవరు చుట్టాలో తెలిసిపోతుంటే ఆ దారి ఆమెకు కొత్తగా కనిపించింది.

అత్తకు ఆ సంగతి చెబితే మొగిలవ్వ ఏమందో తెలుసా? "వంకాయకు ఉమ్మెత్త చుట్టమా? అయితేంది, ఒక్కింట్ల మంచోళ్లు, చెడ్డోళ్లు ఉండరా? మా ఆడిబిడ్డను చూడరాదు" అంది. ఆ ఆడబిడ్డ అప్పుడు ముందుగదిలోనే కూర్చుని చాయ్ తాగుతోంది.

భర్త మహేందర్‌కు సిరిసిల్లలో పని. మరమగ్గాల షెడ్డులో మేస్త్రీ. ఆదివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోతాడు. కాబట్టి ఆ ఇంట్లో వారమంతా ఉండేది అత్తాకోడళ్లిద్దరే. ఒకరినొకరు దెప్పుకుంటూనే ఒకరు లేకుండా ఒకరు అన్నం తినేవాళ్లు కాదు. 

కాలేజీలో స్వరూప క్లాసుకు ఒక పద్ధతి ఉండేది. మొక్కను చేతికిచ్చి కుటుంబం పేరు చెప్పమంటే కుర్రకారు పువ్వు రంగు చూసి గబుక్కున ఏదో పేరు అంటారు. ఆమెకు ఒళ్లు మండేది అక్కడే. "రంగు చివర చూడండి. ముందు ఆకు చూడండి. ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? తుంచితే పాలు కారుతున్నాయా? తర్వాత పువ్వు పట్టుకోండి. రేకలు విడివిడిగా ఊడుతున్నాయా, అన్నీ కలిసి ఒక్కటిగా ఊడుతున్నాయా? కేసరాలు ఎన్ని, ఎక్కడ నిలబడ్డాయి? లక్షణాలన్నీ రాశాకే పేరు రాయాలి" అని ఏటా అదే పాట పాడేది. పిల్లలు ఆమె వెనకాల ఆమె గొంతుతోనే 'రంగు చివర' అని అనుకరించి నవ్వుకునేవాళ్లు. ఆమెకు అదీ తెలుసు.

ఇంతగా చెప్పే మనిషి ఆ ఏడు బతుకమ్మకు ఏం చేసిందో ఇక చెప్పాలి.

ఆ ఏడు తంగేడు కరువైంది. ఊరి చుట్టూ తంగేడు పొదలున్న బంజరంతా ప్లాట్లయి, హద్దురాళ్లు లేచాయి. సద్దుల బతుకమ్మ ముందురోజు అంగట్లో తంగేడు కట్ట దొరకడమే గగనమైంది. దొరికిన కొద్దిపాటిని చూసి మొగిలవ్వ పెదవి విరిచింది. "గిన్నే పూలా? తంగేడు లేని బతుకమ్మ ఏం బతుకమ్మనే?" అని సణిగింది. అత్త ముఖం చూడలేక స్వరూప మర్నాడు పొద్దున్నే జగిత్యాల వెళ్లి, కాలేజీ గోడ వెంబడి విరగబూసిన పచ్చ గన్నేరు పూలు ఒక కవరు నిండా కోసుకొచ్చింది.

బతుకమ్మ పేర్చడం ఎప్పుడైనా చూశారా? గునుగు పూల తెల్లవరస, రంగునీళ్లలో ముంచిన గునుగు ఎర్రవరస, బంతి వరస, మధ్యలో తంగేడు పచ్చవరస. అక్కడ కుటుంబాలు ఎవరూ అడగరు. పచ్చవరసలో పచ్చగా ఉన్నదేదైనా ఒదిగిపోతుంది. తెల్లనివన్నీ పాలనుకున్నట్టు పచ్చనివన్నీ తంగేళ్లే అనుకునే పండుగ అది. బొటానికల్ పేర్లు నిద్రలో అడిగినా చెప్పే స్వరూప కూడా ఆ రోజు పువ్వు రంగే చూసింది. కవరు తెచ్చి తంగేడు చాట పక్కన పెట్టి, "పచ్చవి ఇంగిన్ని తెచ్చిన అత్తమ్మ" అని చెప్పి, పులిహోర కలపడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. తరువాత ఆ పూలను ఎవరు ఎక్కడ పేర్చారో ఆమె చూడలేదు. సాయంత్రం బతుకమ్మ నిండుగా లేచింది, ఆడారు, పాడారు, నీళ్లలో వదిలి వచ్చారు.

అయితే మొగిలవ్వకు ఒక అలవాటుంది. బతుకమ్మకు పేర్చగా మిగిలిన తంగేడు పూలను ఆమె పారేయదు. పాత చీర పరిచి నీడన ఆరబెట్టి మూట కడుతుంది. షుగరొచ్చినప్పటినుంచి రోజూ పొద్దున ఆ పూలు గుప్పెడు నీళ్లలో మరిగించి, వడగట్టి తాగడం ఆమెకు నియమం. డాక్టరిచ్చిన గోలీలతో పాటు ఇదీ తాగుతుంది. వద్దని స్వరూప ఎన్నిసార్లు చెప్పినా, "పూలు నువ్వు లెక్కవెట్టు, నేను తాగుత" అని కొట్టిపారేసేది. వీధిలో షుగరున్న ఆడవాళ్లందరికీ ఈ కషాయం నేర్పింది కూడా ఆమే.

దసరా వెళ్లిపోయింది, సెలవులు అయిపోయాయి. ఒక శనివారం పొద్దున స్వరూప కాలేజీకి తయారై చెప్పులు వేసుకుంటుండగా వెనక వసారాలో గ్లాసు కిందపడ్డ చప్పుడైంది. వెళ్లి చూస్తే మొగిలవ్వ గోడకు జారగిలబడి కూర్చుంది. ఒళ్లంతా చెమట. పక్కన వాంతి చేసుకుంది. పిలిస్తే మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఏమైందత్తమ్మ? అత్తమ్మా, నా దిక్కు చూడు."

మొగిలవ్వ చూసింది గానీ ఆ చూపు నిలవలేదు. స్వరూప అరుపు విని నర్సక్క పరుగెత్తుకొచ్చింది, ఆటోను కేకేసింది, ఇద్దరూ కలిసి మొగిలవ్వను ఎక్కించారు. "నువ్వు పో చెల్లె, నేను ఇల్లు చూసుకుంట, అన్నం గిన్నం ఏమన్న కావాల్నంటే ఫోన్ చెయ్యి, ఓ మొగిలవ్వా, ఏం కాదు నీకు" అంటూ ఆటో మలుపు తిరిగేదాకా నర్సక్క మాట్లాడుతూనే ఉంది.

మార్కెట్ రోడ్డులో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరు పద్మజ మొగిలవ్వకు పాత పరిచయమే. వేలికి సూది గుచ్చి చూసింది, వెంటనే గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి మొగిలవ్వ కళ్లు తెరిచింది. స్వరూప దండం పెట్టబోయేంతలో ముసలామె మళ్లీ వాంతి చేసుకుంది. డాక్టరు నాడి పట్టుకుని గడియారం వంక చూస్తూ నిలబడింది. ఆ ముఖం స్వరూపకు నచ్చలేదు.

"షుగర్ మస్తు పడిపోయింది మేడమ్. పొద్దున ఏం తిన్నదవ్వ?" అని అడిగింది డాక్టరు.

"ఏం తినలే మేడమ్. శనివారం ఒక్కపొద్దు. గోలీ మాత్రం ఏసుకున్నది. కషాయం తాగింది."

"ఏం కషాయం?"

"తంగేడు పూలది. బతుకమ్మకు తెచ్చిన పూలల్ల మిగిలినయి ఎండవెట్టి..."

కవరు నిండా పచ్చ గన్నేరు పూలు, చాట పక్కన తను పెట్టిన కవరు, కళ్ల ముందు నిలిచింది. ఎండిపోతే తంగేడూ ముడుచుకుంటుంది, గన్నేరూ ముడుచుకుంటుంది. రెండూ ఒకటే మట్టి పసుపు రంగుకు తిరుగుతాయి. వరండాలో చీర మీద ఆరబెట్టిన పూలను రోజూ దాటుకుంటూ వెళ్లింది తను. ఒక్కరోజైనా వంగి చూడలేదు.

"మేడమ్, ఆ పూలల్ల పచ్చ గన్నేరు కలిసిందేమో. నేనే తెచ్చిన."

డాక్టరు ఒక్క క్షణం ఆమె వంక చూసి, తిట్టకుండా పనిలోకి దిగింది. మొగిలవ్వ ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీయించింది. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"షుగర్ పడిపోతే చెమటలు, మైకం అస్తయి. గది సరే. కానీ గీ వాంతులు, నాడి గింత నెమ్మదిగ ఉండుడు... గన్నేరైతే గుండె మీద పడ్తది మేడమ్. ఇప్పుడు మంచిగున్నట్టె ఉండి ఇంకో గడియకు తిరగవడొచ్చు. గదే అయితే ఇక్కడ ఉంచద్దు, పెద్ద దవాఖానకు పంపాలె. వండిన పూల పిప్పి ఇంట్లున్నదా?"

"గిన్నెల ఉండాలె."

"పోయి చూసి నాకు ఫోన్ చేయుండ్రి. అంబులెన్సుకు చెప్పి పెడ్త. నేను అవ్వ పక్కన్నే ఉంట."

ఆటోలో కూర్చున్న స్వరూపకు మార్కెట్ రోడ్డు ఇంత పొడుగెందుకో అర్థం కాలేదు. మహేందర్‌కు ఫోన్ చేసి అమ్మకు బాగాలేదని చెప్పింది. ఎందువల్లో మాత్రం చెప్పలేకపోయింది. "అస్తున్న, బండి తీసిన" అన్నాడు అతను. ఫోన్ పెట్టేశాక ఏడుపు తన్నుకొచ్చింది. నీ చదువు మన్నుగాను, రంగు చివర చూడమని ఏటా పిల్లలకు చెప్పినదానివి, నీ ఇంట్లో ముసలామె నోటికాడికి పోయేదాన్ని చూసుకోలేకపోయావే అని తనను తానే తిట్టుకుంది. ఇల్లు చేరేసరికి పక్కింటి అరుగు మీద నర్సక్క ఫోన్లో సిరిసిల్లలో ఉన్న చెల్లెలితో మాట్లాడుతోంది. "మా మొగిలవ్వను దవాఖానకు తీస్కపోయిండ్రే, ఏమైందో ఏమో..." అన్న మాట చెవిన పడ్డా స్వరూప ఆగలేదు.

పొయ్యి పక్కన గిన్నె అలాగే ఉంది. అడుగున నానిన పూల ముద్ద. వడకట్టిన జాలీలో ఇంకొంచెం. స్వరూప తెల్లటి పింగాణీ పళ్లెం తీసి నీళ్లు పోసి, ఆ పిప్పినంతా అందులో వదిలింది. చీరకు పెట్టుకున్న పిన్నీసు తీసి చేత పట్టుకుంది. తొందరపడి పువ్వు విప్పకూడదని పరీక్షల్లో పిల్లలకు చెప్పే మనిషే. ఒక పువ్వును పిన్నీసు మొనతో దగ్గరకు లాక్కుని మొదలుపెట్టింది.

మొదటి పువ్వు. నీటిలో మెల్లగా విప్పితే ఒక రేక విడిగా ఊడొచ్చింది. పక్కరేక, దానంతట అది, విడిగా. అంచులు ముడతలు ముడతలుగా ఉన్నాయి, అడుగున సన్నని కాడలా సాగి ఉంది. ఐదూ విడివిడిగా వచ్చాయి. మధ్యలో కేసరాలు గుంపు. పెద్దవి కొన్ని కొంకుల్లా వంగి, చిన్నవి కొన్ని పైన పనికిరానట్టు ముడుచుకుని. వాటి నడుమ ఒకే ఒక్క అండాశయం, సన్నగా, చిక్కుడు పిందెలా. అది కాయగా మారితే ఎలా ఉంటుందో ఆమెకు చెప్పక్కర్లేదు. ఇది తంగేడు. చిక్కుడు, చింత, కంది ఉన్న కుటుంబమే దీనిదీ.

గన్నేరైతే ఇలా రాదు. గన్నేరు పువ్వును లాగితే రేకలన్నీ అడుగున అతుక్కుని గరాటులా మొత్తం ఒక్కసారే ఊడి వస్తుంది. మొగ్గలో ఉన్నప్పుడే ఆ రేకలు ఒకదాని అంచు మీద ఒకటి మెలితిరిగి ఉంటాయి. కేసరాలు ఐదే, అవీ గరాటు గోడకు లోపల అంటుకుని ఉంటాయి. ఎంత ఉడికినా, ఎంత ఎండినా గొట్టం గొట్టమే. రంగు దొంగలా మారుతుంది గానీ కట్టుబడి మారదు.

ఆమె ఒక్కో పువ్వునూ విప్పింది. రేక రేకనూ పక్కకు జరిపింది. చితికిపోయిన ముక్కలను కూడా వదల్లేదు. పిప్పిలో అక్కడొకటి ఇక్కడొకటి ఆకు ముక్కలున్నాయి, వాటిని వేలి మీద పరిచి చూసింది. ఈనెకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు జతలుగా అతికి ఉన్నాయి. తొడిమ మొదట్లో చెవుల్లాంటి గుండ్రటి చిన్న ఆకులు. గన్నేరాకైతే ఒంటిగా, సన్నగా, కత్తిలా పొడుగ్గా ఉండాలి. అలాంటిది ఒక్క తునక లేదు. తన మీద తనకు నమ్మకం చాలక, చూసినవాటినే పళ్లెంలో ఇటునుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చింది. గొట్టం లేదు. మెలిక లేదు. గరాటు లేదు.

తరువాత చిలక్కొయ్యకు వేలాడుతున్న మూటను దించి పేపరు మీద కుమ్మరించింది. ఎండుపూలను గుప్పెడు గుప్పెడుగా వేరు చేసింది. అనుమానం వచ్చినవాటిని నీళ్లలో వేసి, అవి మెత్తబడేదాకా పళ్లు బిగించుకుని కూర్చుంది. అన్నీ తంగేడే.

ఫోన్ అందుకుంది. "మేడమ్, రేకలన్నీ విడివిడిగా ఉన్నయి. కేసరాలు పెద్దయి చిన్నయి కలిసి ఉన్నయి. అండాశయం ఒక్కటే, చిక్కుడు పిందె తీరు. ఆకులు జతలు జతలు. గొట్టం పువ్వు ఒక్కటి గూడ లేదు."

"అంటే గన్నేరు లేదంటరు."

"గిన్నెల లేదు. మూటల గూడ లేదు మేడమ్."

అవతల డాక్టరు గట్టిగా ఊపిరి వదిలింది. "మంచిమాట చెప్పిండ్రు. ఇక్కడ గూడ నాడి పెరిగింది, వాంతులు ఆగినయి. ఖాళీ కడుపుల గోలీ, మీద కషాయం, షుగర్ పడిపోయింది. అంబులెన్సు వద్దని చెప్త. సాయంత్రందాక ఇక్కడ్నే ఉంచి చూద్దాం. అవ్వ మిమ్మల్ని తిడ్తున్నది, ఆకలైతున్నదట."

తిడుతోందన్న మాట వినగానే పోయిన ప్రాణం లేచొచ్చింది. స్వరూప వంటింటి గచ్చు మీద అలాగే కూలబడి, పళ్లెం పక్కన తల ఆన్చి ఏడ్చింది. ఆ ఏడుపులో బరువంతా దిగిపోయింది. మహేందర్‌కు ఫోన్ చేసి, అమ్మ తిడుతోందట అని చెప్పింది. వేములవాడ దాటిన అతను బండి పక్కకు ఆపి, తిడుతుందంటే ఏం ఫికర్ లేదని నవ్వాడు.

కొంగుతో ముఖం తుడుచుకుని, పళ్లెంలో నీళ్లు పారబోయడానికి లేచింది. అప్పుడు తట్టింది.

గిన్నెలో లేవు, మూటలో లేవు. మరి తను తెచ్చిన ఆ పూలు ఏమైనట్టు?

ఒక కవరు నిండా పూలు. సద్దుల రోజు మన బతుకమ్మలో పేర్చారా? పేరిస్తే మిగిలినవి మూటలో కొన్నయినా కలవాలి కదా. ఆ రోజు వంటింట్లో ఏం జరిగిందో తవ్వుకుంది. పొయ్యి మీద బాణలి, పోపు చిటపటలాడుతోంది. వాకిట్లోంచి ఎవరో ఏదో అడిగారు. 'స్వరూపా, మాకు పచ్చయి తక్కువవడ్డయి, గీ కవరు తీస్కపోతున్న' అని. తను వెనక్కి తిరక్కుండానే 'తీస్కపో అక్క' అంది. అక్క. నర్సక్క.

బతుకమ్మ రోజు పువ్వులు అడిగితే లేదనే ఇల్లు ఉండదు. ఇచ్చిన పువ్వు ఏదో, పుచ్చుకున్నది ఏదో ఇద్దరికీ పట్టదు. ఇక మిగిలినవి ఎండబెట్టడం నర్సక్కకు నేర్పిందెవరు? మొగిలవ్వే. దసరా తర్వాత నర్సక్కకు షుగరని తేలితే, "గోలీలు మొదలువెట్టకు, ముందుగాల తంగేడు తాగు, పూలు మంచిగ ఎండినంక మొదలువెట్టు" అని ఉపదేశం చేసింది కూడా ఆవిడే.

పళ్లెం చేతిలోంచి జారి గచ్చు మీద పగిలింది. స్వరూప దాన్ని చూడలేదు. చెప్పుల్లేకుండా వాకిట్లోకి, అక్కణ్ణుంచి పక్కింటి మెట్ల మీదికి పరుగెత్తింది.

నర్సక్క ఈలోపు లోపలికెళ్లి వచ్చినట్టుంది, మళ్లీ అదే అరుగు మీద కూర్చుని ఉంది. ఎడమచేత ఫోన్, కుడిచేత స్టీలు గ్లాసు. గ్లాసులోంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది. "...అగో స్వరూప అచ్చింది, అడుగుత ఉండు, నేను గూడ ఇయ్యాల్నే మొదలువెడ్తున్ననే కషాయం, ఇంకా వేడిగున్నది, తాగుదామంటె నీ ముచ్చట వొడుస్తలేదాయె..."

స్వరూప ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. గ్లాసు సగం ఒలికి ఇద్దరి చీరల మీదా పడింది.

"అక్కా, తాగినవా?"

"ఏందే, గట్ల గుంజుతవ్?"

"తాగినవా లేదా చెప్పు."

"ఇంకా పెదవి గూడ ఆనియ్యలేదు, సిరిసిల్లదాన్తోని మాట్లాడుతున్న. ఏమైందే? మొగిలవ్వకు..."

"అత్తమ్మ మంచిగనే ఉన్నది. గిన్నె యాడున్నది? కషాయం కాచిన గిన్నె?"

నర్సక్క వంటింటి వైపు చూపించింది. స్వరూప లోపలికెళ్లి గిన్నె తెచ్చి, అరుగు మీద కూర్చుని, నర్సక్క కళ్ల ముందే ఆ పిప్పిలో వేళ్లు పెట్టింది. మొదటి గుప్పిట్లోనే దొరికింది. నానిన గరాటు. లాగితే రేకలన్నీ కలిసి ఒక్కటిగా వచ్చాయి. అడుగున గొట్టం, గోడకు అంటుకున్న ఐదు కేసరాలు. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. మధ్యలో తంగేడు కూడా ఉంది గానీ, గన్నేరే ఎక్కువ.

"గివి తంగేడు కావు అక్కా. పచ్చ గన్నేరు. బతుకమ్మ నాడు నా కవరు తీస్కపోయినవు చూడు, గవే. పాలు కారే జాతి. తాగితే గుండె ఆగుతది."

నర్సక్క ఆ పూల వంకా, గ్లాసు వంకా, స్వరూప వంకా చూసింది. చెవి దగ్గరి ఫోన్‌లోంచి చెల్లెలు 'అక్కా, అక్కా' అని పిలుస్తూనే ఉంది. నర్సక్క పలకలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వీధంతా విసుక్కునే ఆ నోరు పొద్దున్నుంచి మాటలతో నిండి ఉండబట్టి అందులోకి ఇంకేదీ పోలేదు. ఆ సిరిసిల్ల చెల్లెలు ఎవరో గానీ చల్లగా ఉండాలి.

స్వరూప గ్లాసూ గిన్నే మోరీలో కుమ్మరించి, మూట మొత్తం తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చింది. గిన్నె తోమి తోమి కడిగింది. నర్సక్క అరుగు మీంచి కదల్లేదు. "భయపడకక్కా, ఏం కాలేదు గద" అంటే తలూపింది, అంతే.

మధ్యాహ్నానికి మొగిలవ్వ మంచం మీద లేచి కూర్చుంది. మహేందర్ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఆమె తిట్లు వింటున్నాడు. డాక్టరు వచ్చి, గోలీ వేసుకుని ఒక్కపొద్దు ఉండొద్దనీ, కషాయం మాట ఇక మరిచిపొమ్మనీ గట్టిగానే మందలించింది. మొగిలవ్వ పెదవి విరిచింది గానీ ఎదురు చెప్పలేదు. డాక్టరు వెళ్లాక స్వరూప అత్త చెయ్యి పట్టుకుని జరిగిందంతా చెప్పింది. కవరు తను తెచ్చిన సంగతి, ఏ పూలో చెప్పకుండా చాట పక్కన పెట్టి వంటింట్లోకి పోయిన సంగతి, ఏదీ దాచలేదు.

"నాది బుద్ధి తక్కువ అత్తమ్మ. చదివి గూడ చూడకపోతిని."

మొగిలవ్వ కోడలి చెయ్యి విడవలేదు.

"తెచ్చింది నువ్వే. దొరకవట్టింది నువ్వే. గాయింత ఉరికి పోకపోతే నర్సి మనకు దక్కకపోయేది" అంది. తరువాత కొడుకు వైపు తిరిగి, "నవ్వుతావేందిరా, రేకలు లెక్కవెట్టుడు అంటే మాటలనుకున్నవా?" అని గదమాయించింది. మహేందర్ అసలు నవ్వనే లేదు.

అప్పుడే నర్సక్క టిఫిను డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ వీధి చివర ఉండగానే గొంతు వినిపించే మనిషి, వచ్చిన సంగతి ఎవరికీ తెలియలేదు. "రా నర్సీ, కూసో" అంది మొగిలవ్వ. నర్సక్క వచ్చి మంచం పక్కన కూర్చుంది. డబ్బా మూత తీసి, పప్పన్నం కలిపింది. ముద్ద చేసింది. మొగిలవ్వ నోరు తెరిచి ముందుకు వంగింది.

నర్సక్క ఆ ముద్దను తీసుకెళ్లి స్వరూప నోట్లో పెట్టింది. పొద్దున్నుంచి ఆమె పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదని అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు, స్వరూపకు కూడా.